ఒకే కప్పు కింద: పురాతన దేవాలయాలు, క్రైస్తవ ఐక్యత (ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, పెద్దలకు, వేర్వేరు సంఘాల నుంచి వచ్చి ఈ సాయంత్రం ఒకచోట కూర్చున్న సహోదరీ సహోదరులకు వందనాలు.

పురాతన క్రైస్తవ దేవాలయాల యాత్ర గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఎక్కడికి వెళ్లానో, ఏమేమి చూశానో వరుసగా చెప్పుకుంటూ పోవడం నా ఉద్దేశం కాదు. ఒక్క మాట చెప్పాలని వచ్చాను. క్రైస్తవుల మధ్య చీలికలు మనం పుట్టకముందు నుంచీ ఉన్నాయి. అందుకే అవి ఎప్పుడూ ఉన్నవేనని, ఇక ఎప్పటికీ ఉంటాయని అనుకుంటాం. వాటి గురించి బాధపడటం కూడా మానేశాం. పాత దేవాలయాల్లో తిరిగితే ఆ నిశ్చింత చెదిరిపోతుంది. ప్రతి చీలికకూ ఒక తేదీ ఉంది, ఒక స్థలం ఉంది, ఆ పని చేసిన మనుషులకు పేర్లున్నాయి. మనుషులు ఒకనాడు చేసిన పనిని మనుషులే మరొకనాడు సరిదిద్దుకోవచ్చు. కొన్నిచోట్ల సరిదిద్దుకున్నారు కూడా. నా ఆశకు ఆధారం అదే.

యెరూషలేముతో మొదలుపెడతాను. మన అవమానమూ మన ఆశా అక్కడ ఒకే కప్పు కింద ఉన్నాయి.

యేసు ప్రభువు సమాధి ఉన్నదని నమ్మే చోట పవిత్ర సమాధి దేవాలయాన్ని మొదట కట్టించినవాడు కాన్‌స్టంటైన్ చక్రవర్తి. 335లో దాని ప్రతిష్ఠ జరిగింది. 1009లో ఈజిప్టును ఏలిన ఖలీఫా అల్ హాకిమ్ దాన్ని కూలగొట్టించాడు. బైజాంటియం (కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా ఉన్న తూర్పు రోమన్ సామ్రాజ్యం) చక్రవర్తులు మళ్లీ నిలబెట్టారు. తరువాత పడమటి యూరప్ నుంచి మతయుద్ధానికి వచ్చిన క్రూసేడర్లు విస్తరించి 1149లో ప్రతిష్ఠించారు. ఇప్పుడు మనకు కనబడేది చాలావరకు వాళ్లు కట్టినదే. అందులో ఆరు సంఘాలకు హక్కులున్నాయి. గ్రీకు ఆర్థొడాక్సులు, రోమన్ క్యాథలిక్కులు, ఆర్మేనియన్లు, కోప్టులు, సిరియన్లు, ఇథియోపియన్లు. ఏ దీపం ఎవరు వెలిగించాలి, ఏ మెట్టు ఎవరు ఊడవాలి, ఎవరి ఆరాధన ఏ వేళకు జరగాలి అన్నదంతా 1852లో ఒట్టోమన్ సుల్తాను ఖరారు చేసిన ఏర్పాటు ప్రకారమే ఇప్పటికీ నడుస్తోంది. ముఖద్వారం పైన, కిటికీ కింద, గోడ అంచు మీద ఒక చెక్క నిచ్చెన ఉంటుంది. 18వ శతాబ్దపు చిత్రాల్లోనే అది కనబడుతుంది. దాన్ని తీయాలంటే అందరూ ఒప్పుకోవాలి. అందుకే అది అక్కడే ఉంది. 2008 నవంబరులో సిలువ పండుగ ఊరేగింపు దగ్గర గ్రీకు, ఆర్మేనియన్ సన్యాసులు కొట్టుకుంటే పోలీసులు వచ్చి విడదీయవలసి వచ్చింది. ప్రభువు సమాధికి ఎదురుగా! లోపలి సిరియన్ల గదిలో గోడలు ఎప్పటివో మసిబారి ఉన్నాయి. అది ఎవరిదో తేలకపోవడంతో దాన్ని ఎవరూ బాగుచేయలేకపోయారు. ఇవన్నీ అందంగా చెప్పడానికి వీలు లేని విషయాలు. చెప్పకుండా వదిలేయడం కూడా తప్పే.

రాత్రి ఆ తలుపు ఎలా మూస్తారో చూశాను. ఆ దేవాలయం తాళంచెవి శతాబ్దాలుగా ఒక ముస్లిం కుటుంబం దగ్గర ఉంది, తలుపు తీసి మూసే పని మరో ముస్లిం కుటుంబానిది. భారీ తలుపు రెక్కలు రెండూ దగ్గరకు వస్తాయి. ద్వారపాలకుడు బయట చిన్న నిచ్చెన వేసుకుని ఎక్కి, పైనున్న తాళం వేస్తాడు. దిగి, కింది తాళం వేస్తాడు. ఆ తరువాత తలుపులో ఉన్న చిన్న కంతలోంచి ఆ నిచ్చెనను లోపలికి అందిస్తాడు. లోపలున్న సన్యాసి అందుకుంటాడు. అంతటితో రాత్రికి రాకపోకలు బంద్. క్రైస్తవులు తమలో తాము ఒకరి చేతికి ఒకరు తాళంచెవి ఇచ్చుకోలేకపోయారని ఈ ఏర్పాటును చూసి కొందరు నవ్వుతారు. నాకు నవ్వు రాలేదు. ఇన్ని తరాలుగా తలుపు తీసి మనల్ని లోపలికి రానిచ్చిన ఆ పొరుగువారి పట్ల కృతజ్ఞత కలిగింది. మన గురించి సిగ్గూ కలిగింది.

అయితే అక్కడే జరిగిన మరో సంగతి వినండి. ప్రభువు సమాధి మీద కట్టిన చిన్న మందిరం 1808 నాటి అగ్నిప్రమాదం తరువాత తిరిగి కట్టినది. రాళ్లు బయటికి ఉబ్బిపోతుంటే 1947లో బ్రిటిష్ పాలకులు చుట్టూ ఇనుప దూలాలు బిగించారు. తాత్కాలికంగా బిగించిన ఆ దూలాలు దాదాపు 70 ఏళ్లు అలాగే ఉండిపోయాయి. ఎవరు బాగుచేస్తే వారికి హక్కు వస్తుందేమోనని ఎవరినీ ఎవరూ చేయనివ్వలేదు. 2015లో ఆ కట్టడం ప్రమాదకరంగా ఉందంటూ పోలీసులు కొద్ది గంటలు మూసేశారు. అప్పుడు గ్రీకులు, క్యాథలిక్కుల తరఫున ఫ్రాన్సిస్కన్ సన్యాసులు, ఆర్మేనియన్లు కూర్చుని మాట్లాడుకున్నారు. 2016లో ఏథెన్స్ సాంకేతిక విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన నిపుణులు పని మొదలుపెట్టారు. ఆ అక్టోబరులో సమాధి మీది పాలరాతి పలకను పక్కకు జరిపి, కిందనున్న రాతిని చూశారు. 2017 మార్చిలో పని ముగిసింది. దూలాలు తీసేశారు. మూడు సంఘాల పెద్దలూ ఆ ప్రారంభ ఆరాధనలో కలిసి నిలబడ్డారు.

సిద్ధాంతం మీద వాళ్ల మధ్య ఒక్క అక్షరం కూడా మారలేదు. ఆ కట్టడం కూలిపోతుందన్న భయం వాళ్లను కలిపింది. ఇది గొప్ప ఆధ్యాత్మిక కారణం కాదని మీరు అనవచ్చు. కానీ నాకు దీనిలో దేవుని చెయ్యి కనబడుతుంది. ఐక్యత అంటే ముందు పెద్ద పెద్ద ప్రకటనలు, తరువాత పని అని మనం అనుకుంటాం. అక్కడ పని ముందు వచ్చింది. కలిసి ఇల్లు బాగుచేసుకున్నాక ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం కొంచెం తేలికవుతుంది.

ఇక కాన్‌స్టాంటినోపుల్, ఇప్పటి ఇస్తాంబుల్. 537లో జస్టీనియన్ చక్రవర్తి ప్రతిష్ఠ చేయించిన హగియా సోఫియా దేవాలయం. ఆ గుమ్మటం కింద నిలబడినప్పుడు మాట రాదు, అంతే చెప్పగలను. తూర్పు (ఆర్థొడాక్స్), పడమర (రోమన్ క్యాథలిక్) సంఘాల చీలిక గురించి పుస్తకాల్లో చదివినవాళ్లకు 1054 జులై 16 గుర్తుంటుంది. ఆ రోజు రోము నుంచి వచ్చిన కార్డినల్ హంబర్ట్ ఆరాధన వేళ నేరుగా లోపలికి నడిచి, ఆ నగర సంఘాధిపతి అయిన పాట్రియార్క్ మైకేల్ కెరులారియస్‌ను వెలివేస్తున్నట్టు రాసిన పత్రాన్ని బలిపీఠం మీద పెట్టి వెళ్లిపోయాడు. పాట్రియార్క్ కూడా తిరిగి వెలివేశాడు. హంబర్ట్‌ను పంపిన పోపు తొమ్మిదవ లియో అప్పటికి దాదాపు మూడు నెలల కిందటే చనిపోయాడు! అంటే ఆ పత్రం వెనుక ఉన్న అధికారమే సందేహం. ఆ రోజు దాన్ని అంత పెద్ద విషయంగా ఎవరూ అనుకోలేదని చరిత్రకారులు చెబుతారు. అసలు గాయం 1204లో తగిలింది. నాలుగవ క్రూసేడు సైన్యం, సిలువ గుర్తు భుజాన వేసుకున్న సైన్యం, ఆ క్రైస్తవ నగరాన్నే దోచుకుంది. బలిపీఠాలను కూడా వదల్లేదు.

హగియా సోఫియా ఇప్పుడు మసీదు. సందర్శకులు పై గ్యాలరీకి వెళతారు. అక్కడ గోడ మీద క్రీస్తు, ఆయనకు రెండు పక్కలా మరియ, బాప్తిస్మమిచ్చు యోహాను ఉన్న మొజాయిక్ ఉంది. కింది భాగమంతా రాలిపోయింది. ముఖాలు మాత్రం మిగిలాయి. రాతి ముక్కలతో అంత జాలి నిండిన చూపును ఎలా తెచ్చారో నాకు అర్థం కాలేదు. ఆ మొజాయిక్‌కు దగ్గరలోనే నేలలో ఒక రాతి పలక ఉంది. దాని మీద హెన్రికస్ డండోలో అని చెక్కి ఉంది. వెనిస్ పాలకుడు, 1204 దండయాత్రకు దారి చూపినవాడు. 1205లో మరణిస్తే ఆ దేవాలయంలోనే పాతిపెట్టారు. ఆ పలక 19వ శతాబ్దంలో వేసినదే, సమాధి ఎప్పుడో పోయింది. అయినా ఆ పేరు ఆ చూపు ముందు అక్కడ పడి ఉంది. నేను చాలాసేపు అటూ ఇటూ చూస్తూ నిలబడ్డాను. దోచినవాడి పేరు ఒకవైపు, దోపిడీ తరువాత ఆ నగరం మళ్లీ తలెత్తి గీసుకున్న ప్రభువు ముఖం మరోవైపు. ఆ మొజాయిక్ క్రూసేడర్లు నెలకొల్పిన లాటిన్ పాలన 1261లో ముగిసిన తరువాతి కాలంలో వేసినదని పండితులు అంటారు.

ఈ కథ అక్కడ ఆగలేదు. 1964 జనవరిలో పోపు ఆరవ పౌలు, పాట్రియార్క్ అథెనగోరస్ యెరూషలేములో కలుసుకుని కౌగిలించుకున్నారు. మరుసటి ఏడాది, 1965 డిసెంబరు 7న, 1054 నాటి శాపాలను రెండు పక్షాలవారూ ఒకే రోజున ఉపసంహరించుకున్నారు. రోములోనూ ఇస్తాంబుల్‌లోనూ అదే వేళకు ప్రకటన చదివారు. 2001లో పోపు రెండవ జాన్ పాల్ ఏథెన్స్‌కు వెళ్లి, 1204లో క్యాథలిక్కులు చేసిన దానికి క్షమాపణ కోరాడు. 2004 నవంబరులో, తొలి శతాబ్దాల్లో కాన్‌స్టాంటినోపుల్ బిషప్పులైన గ్రెగరీ నజియాంజెన్, జాన్ క్రిసోస్తం అవశేషాలను రోము నుంచి పాట్రియార్క్‌కు తిరిగి అప్పగించారు. ఇస్తాంబుల్‌లోని పాట్రియార్క్ దేవాలయంలో వాటిని ఉంచిన పేటికలు చూశాను. చరిత్రలో ఇచ్చేయడం ఎంత అరుదైన పనో ఆలోచించండి. తీసుకున్నవాళ్ల పేర్లు మనకు ఎన్నో తెలుసు, తిరిగి ఇచ్చినవాళ్ల పేర్లు ఎన్ని తెలుసు?

రోములో అందరూ పేతురు దేవాలయానికి పరుగులు తీస్తారు. వెళ్లవలసిందే. నాకు మాత్రం సెయింట్ క్లెమెంట్ దేవాలయం మీద మనసు పడింది. పైన 12వ శతాబ్దపు దేవాలయం. మెట్లు దిగితే దాని కింద 4వ శతాబ్దపు దేవాలయం. ఇంకా దిగితే మొదటి శతాబ్దపు రోమన్ కట్టడాలు, చీకట్లో ఎక్కడో పారుతున్న నీటి చప్పుడు. నడుమనున్న దేవాలయంలో సిరిల్ సమాధి ఉంది. ఆయన గ్రీకువాడు, కాన్‌స్టాంటినోపుల్ పంపగా స్లావు జాతులకు సువార్త తీసుకెళ్లిన మిషనరీ. వాళ్ల భాషకు అక్షరాలు కూర్చినవాడు. వాళ్ల భాషలో ఆరాధన జరపవచ్చని ఆమోదించినవాడు రోము పోపు రెండవ హేడ్రియన్. సిరిల్ 869లో రోములోనే కన్నుమూశాడు. తూర్పు పంపింది, పడమర ఆశీర్వదించింది. ఆ గోడ నిండా ఆర్థొడాక్స్, క్యాథలిక్ దేశాలవాళ్లు రెండు పక్షాల నుంచీ వచ్చి పెట్టిన కృతజ్ఞతా పలకలున్నాయి. అక్కడ ఎవరూ నీ సంఘం ఏమిటని అడగరు.

జర్మనీలోని విట్టెన్‌బర్గ్‌కు వెళ్లాను. పడమటి సంఘ సంస్కరణకు (రిఫర్మేషన్‌కు) నాంది పలికిన మార్టిన్ లూథర్ సిద్ధాంత వాక్యాలతో పేరుకెక్కిన ఆ పాత తలుపు 1760లో యుద్ధపు మంటల్లో కాలిపోయింది. ఇప్పుడున్న కంచు తలుపులు 1858లో పెట్టినవి. వాటి గురించి ఎక్కువ చెప్పను, అందరికీ తెలిసిన కథే. తక్కువమందికి తెలిసిన ఊరు ఒకటి తూర్పు జర్మనీలో ఉంది, పేరు బాట్సెన్. అక్కడి పేతురు దేవాలయం 1524 నుంచి క్యాథలిక్కులకూ లూథరన్లకూ ఉమ్మడిది. మతం పేరుతో యూరప్ రక్తం పారించుకున్న శతాబ్దాల్లో ఆ ఊరు ఒకే దేవాలయాన్ని పంచుకుంది. ముందుభాగం లూథరన్లది, వెనుక గాయకుల స్థలం క్యాథలిక్కులది. రెండు బలిపీఠాలు. మధ్యలో ఒక అడ్డుతెర. ఆ అడ్డుతెర ఒకప్పుడు మనిషికంటే ఎత్తుండేది. 20వ శతాబ్దంలో దాన్ని తగ్గించారు. ఇప్పుడు నడుము ఎత్తు ఉంటుంది. ఈ పక్క బెంచీలో కూర్చుంటే ఆ పక్క బలిపీఠం మీది కొవ్వొత్తులు కనబడతాయి. అడ్డు పోలేదు. కానీ ఇప్పుడు దాని మీదుగా చూడవచ్చు. ఇంగ్లండులో కాంటర్‌బరీ దేవాలయం కింది గదిలో కూడా ఇలాంటిదే ఒకటుంది. హింసలు పడలేక పారిపోయి వచ్చిన, ఫ్రెంచి మాట్లాడే ప్రొటెస్టెంట్లకు 16వ శతాబ్దంలో ఆంగ్లికన్లు అక్కడ చోటిచ్చారు. ఆ ఫ్రెంచి ఆరాధన నేటికీ జరుగుతోంది.

ఇప్పుడు అన్నిటికంటే బాధ కలిగించే విషయానికి వస్తాను. ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభు భోజనం.

నేను ప్రొటెస్టెంట్ సంఘంలో పెరిగినవాడిని. యాత్రలో క్యాథలిక్ పూజల్లో, ఆర్థొడాక్స్ ఆరాధనల్లో కూర్చున్నాను. వాక్యం చదివారు, నాకు తెలిసిన వాక్యమే. విశ్వాస ప్రమాణం చెప్పారు, నేను చిన్నప్పటి నుంచి చెప్పేదే. ప్రభువు నేర్పిన ప్రార్థన వచ్చినప్పుడు భాష తెలియకపోయినా ఎక్కడున్నారో తెలిసిపోతుంది. తరువాత జనం లేచి వరుస కట్టారు. ఆ బల్ల దగ్గర రొట్టె తమ సంఘంవారికే ఇస్తారు కాబట్టి నేను లేవకూడదు. చాలా క్యాథలిక్ దేవాలయాల్లో నాలాంటివాళ్లు కూడా వరుసలో వెళ్లి, చేతులు గుండె మీద అడ్డంగా పెట్టుకుంటే, గురువు రొట్టె ఇవ్వకుండా ఆశీర్వాదం ఇస్తాడు. అలా వెళ్లాను. ఆ వృద్ధ గురువు నా నొసటి మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నాడు. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. ఆయనకు నా మీద ప్రేమ లేక ఇవ్వకపోవడం కాదు. ఆయన సంఘం ఆయనకు ఇచ్చిన క్రమం అది, దాన్ని ఆయన మనస్ఫూర్తిగా నమ్ముతాడు. ఆ నమ్మకాన్ని నేను గౌరవిస్తాను. అయినా నా స్థలానికి తిరిగి వచ్చి మోకరించినప్పుడు కన్నీళ్లు ఆగలేదు.

ఇస్తాంబుల్‌లో ఆర్థొడాక్స్ ఆరాధన ముగిశాక, ప్రభు భోజనంలో వాడని, ఆశీర్వదించిన రొట్టెను పంచారు. అది అందరికీ ఇవ్వవచ్చు. నేను వెనుక నిలబడి ఉంటే, నల్ల ముసుగు వేసుకున్న ఒక పెద్దావిడ తనకు దొరికిన ముక్కను రెండుగా విరిచి, సగం నా అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది. ఏమీ అడగలేదు. ఆమెకు నా పేరు తెలియదు, నాకు ఆమె భాష తెలియదు. వేదాంతులు ఒక అంగీకారానికి వచ్చేలోగా మన మధ్య నడవగలిగిన ప్రేమ ఇంత ఉందని ఆ రోజు తెలుసుకున్నాను.

ఐక్యత అనగానే కొందరికి అనుమానం వస్తుంది. ఇక్కడా ఉండవచ్చు. సత్యాన్ని పలచబరచి, అందరికీ నచ్చేలా చేసి, అదే ఐక్యత అంటారేమోనని. ఆ అనుమానం న్యాయమైనదే. సత్యం అక్కర్లేదనుకునేవాళ్లు కలిసినా ప్రయోజనం లేదు. కానీ చరిత్రలో నిజమైన అడుగులు వేసినవాళ్లు సత్యాన్ని తప్పించుకోలేదు. మనిషి నీతిమంతుడిగా తీర్చబడేది ఎలాగన్న ప్రశ్న మీదే కదా పడమటి సంఘం చీలింది? ఆ ప్రశ్ననే ఎదురుగా పెట్టుకుని లూథరన్లు, క్యాథలిక్కులు దశాబ్దాలపాటు చర్చించారు. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశారు. మన యోగ్యతను బట్టి కాక కేవలం కృపవల్ల, క్రీస్తునందలి విశ్వాసంలో దేవుడు మనల్ని అంగీకరిస్తాడని కలిసి ఒప్పుకున్నారు. తరువాత మెథడిస్టులు, ఆంగ్లికన్లు, రిఫార్మ్‌డ్ సంఘాలవాళ్లు కూడా దానితో చేయి కలిపారు. తేడాలు ఇంకా మిగిలాయి, ఆ పత్రమే వాటిని దాచకుండా చెబుతుంది. సరిగ్గా అందుకే నాకు దాని మీద నమ్మకం.

సంఘాలే పూర్తిగా ఒకటైన సందర్భం కూడా ఉంది. 1919లో తమిళనాడులోని తరంగంబాడిలో దోర్నకల్ బిషప్ అజరయ్య, మరికొందరు సేవకులు ఒకచోట చేరి, తాము సృష్టించని చీలికలను తాము ఎందుకు మోయాలని అడిగారు. 28 ఏళ్ల సంప్రదింపుల తరువాత, 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంప్రదాయాలు దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డాయి. బిషప్పులున్న సంఘం, బిషప్పులు లేని సంఘాలు అలా ఏకం కావడం రిఫర్మేషన్ తరువాత అదే మొదలు. 28 ఏళ్లంటే మొదలుపెట్టినవారిలో కొందరు ఆ రోజు చూడకుండానే వెళ్లిపోయారు. అజరయ్య 1945 జనవరి 1న మరణించారు.

చివరిగా ఈస్టరు సంగతి. 325లో ఇప్పటి టర్కీలోని నికేయలో సమకూడిన బిషప్పులు, పునరుత్థాన పండుగను అందరూ ఒకే రోజున చేయాలని నిర్ణయించారు. 1582లో పోపు పదమూడవ గ్రెగరీ పంచాంగం మార్చాక తూర్పు పడమరల లెక్కలు వేరయ్యాయి. ప్రభువు లేచిన రోజును మనం తరచూ రెండు వేర్వేరు ఆదివారాల్లో చాటుతున్నాం. చూసే లోకం ఏమనుకోవాలి? యోహాను సువార్త 17వ అధ్యాయంలో ప్రభువు తనవారి ఐక్యత కోసం ప్రార్థించింది లోకం నమ్మాలనే కదా. 1997లో అలెప్పోలో కలిసిన సంఘాల ప్రతినిధులు, నికేయ నియమాన్నే (వసంత విషువత్తు తరువాతి పౌర్ణమి దాటాక వచ్చే ఆదివారం) ఉంచి, యెరూషలేము రేఖాంశం ఆధారంగా ఖగోళశాస్త్రం ప్రకారం లెక్కించుకుందామని ప్రతిపాదించారు. చక్కని ప్రతిపాదన. ఇంకా అమలు కాలేదు. 2025 నాటికి నికేయ సభకు 1700 ఏళ్లు నిండాయి. ఆ ఏడాది ఏప్రిల్ 20న ఈస్టరు అందరికీ ఒకేరోజు వచ్చింది. నవంబరులో పోపు పద్నాలుగవ లియో, పాట్రియార్క్ బర్తొలొమయి ఆ నికేయలోనే, ఇప్పటి ఇజ్నిక్‌లో, సరస్సు ఒడ్డున బయటపడిన పాత దేవాలయ శిథిలాల దగ్గర కలిసి ప్రార్థించారు.

ఈస్టరు తేదీని మార్చే అధికారం మన ఎవరికీ లేదు. కానీ 2028లో ఏప్రిల్ 16న ఆ పండుగ మళ్లీ తూర్పుకూ పడమరకూ ఒకేరోజు వస్తోంది. ఆ తెల్లవారుజామున మన మన ఆరాధనలకు వెళ్లేముందు ఒక్క గంట అందరం ఒకచోట చేరాలని కోరుతున్నాను. ప్రసంగాలు అక్కర్లేదు, నాలాంటి ప్రసంగీకులు అసలే అక్కర్లేదు. ఖాళీ సమాధి గురించిన సువార్త పాఠం ఒకటి, విశ్వాస ప్రమాణం, ప్రభువు నేర్పిన ప్రార్థన. మన సంఘాలు చాలావరకు పంచుకునే మూడు. ఎక్కడ కలవాలో పాస్టర్లు, గురువులు కూర్చుని నిర్ణయించండి. తమ ఆవరణ కూడా ఇస్తామని ఈ రాత్రి ఇళ్లకు వెళ్లేలోపే ఎవరైనా ఒకరు చెబితే సంతోషిస్తాను. మా సంఘం ఆవరణ ఇవ్వడానికి మా పెద్దలు ఇప్పటికే ఒప్పుకున్నారు.

అందరికీ వందనాలు.